పొట్టేలూ చేపా

ఆ దర్జీ దుకాణంలో కవలలిద్దరినీ రాశులతోనే పిలిచేవారు. పెద్దది మీనం కనుక చేప. పది నిమిషాల తర్వాత పుట్టిన చిన్నది మేషం కనుక పొట్టేలు. ఆ కాస్త వ్యవధిలోనే చంద్రుడు ఒక రాశి దాటి ఇంకో రాశిలో అడుగుపెట్టాడని తాతయ్య లెక్క. తాతయ్య లెక్కకు ఆ ఇంట్లో తిరుగు లేదు.

మీనం మెతకనీ మేషం దుడుకనీ, పనుల పంపకమూ దాన్నిబట్టే జరిగింది. చేప ముందుగదిలో నవ్వుతూ కొలతలు తీసుకునేది. పొట్టేలు వెనకగదిలో గుడ్డ కత్తిరించేది. ఆ గదికున్న ఒక్క కిటికీ పక్కింటి గోడ వైపు తెరుచుకుంటుంది. ఇప్పుడు మోకాళ్లు అరిగిన తల్లి ముందుగదిని పూర్తిగా పెద్దదానికే అప్పగించబోతోంది.

"అక్కడ నేనెందుకు కూర్చోకూడదమ్మా?" అంది పొట్టేలు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారే. మొన్న ఆ లావుపాటాయన్ని ఏమన్నావు?"

"ఏమీ అన్లేదు. నడుమెంతుందో చెప్పా."

"వీధి చివరిదాకా వినపడేలా చెప్పావు. మేషం మరి!"

పొట్టేలు నేరుగా తాతయ్య గదికి వెళ్లింది.

"తాతయ్యా, నా రాశి ఇంకోసారి చూడవూ?"

"రాశేమన్నా గుండీ అనుకున్నావా, ఊడదీసి ఇంకోటి కుట్టడానికి?"

"అయనాంశ మారిస్తే రాశి మారుతుందని నువ్వే అన్నావుగా!"

తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అన్నమాట నిజమే. వసంతంలో సూర్యుడు భూమధ్యరేఖను దాటే చోటు చుక్కల మధ్య ఏటా కొంచెం వెనక్కి జరుగుతుంది. ఆ జరిగినంత మేరా లెక్కలోంచి తీసేయాలి. అదే అయనాంశ. ఎంత తీయాలన్న దగ్గర మాత్రం పెద్దలకే పొత్తు కుదరలేదు. తాతయ్య తన గురువు చెప్పినంత తీసేవాడు. బయట చాలామంది అంతకంటే కాస్త తక్కువ తీస్తారు.

"వాళ్ల పద్ధతిలో ఒక్కసారి చెయ్యి తాతయ్యా. నీ చేత్తోనే చెయ్యి."

నేనూ మీనమే అవుతాను, అమ్మకింక అడ్డు చెప్పడానికేం ఉండదు అనుకుంది పొట్టేలు.

తాతయ్య పలక ముందేసుకున్నాడు. తీసేసి, కూడి, మళ్లీ మొదటినుంచి సరిచూసుకున్నాడు. తర్వాత కూతురినీ పెద్ద మనవరాలినీ కూడా పిలిచాడు.

"తక్కువ తీస్తే చంద్రుడు ముందుకు జరుగుతాడు. చిన్నది ఎక్కడికీ కదల్లేదు. పెద్దదే గీత దాటింది. ఈ లెక్కన ఇద్దరూ మేషమే."

పొట్టేలు మొహం వాడిపోయింది.

"అయ్యో నాన్నా, ఒక పొట్టేలుతోనే వేగలేక చస్తున్నా" అంది తల్లి. "ఇంతకీ ఏది నిజం?"

"చంద్రుడు ఉన్నచోటే ఉన్నాడమ్మా. ఎక్కణ్ణించి కొలవాలన్నదే మా తగువు."

అంతవరకూ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ చేప గట్టిగా ఊపిరి వదిలింది.

"అయితే నేనింక నవ్వక్కర్లేదా?"

"అదేం మాటే?" అంది తల్లి.

"దవడలు నొప్పిపుడుతున్నాయమ్మా. వచ్చిన ప్రతివాడూ పొట్ట లోపలికి లాగి కొలత తియ్యమంటాడు. బిగుతైతే మళ్లీ నన్నే తిడతాడు. చేపనని ఊరుకున్నా." మెడలోని కొలతల టేపు తీసి చెల్లెలి మెడలో వేసింది. "నాకు కత్తెర ఇవ్వు."

తల్లి నోరు తెరిచింది, కానీ పెద్దది అప్పటికే వెనకగదిలోకి వెళ్లిపోయింది. గుడ్డ మీద కత్తెర పరపరా నడిచిన చప్పుడు వినిపించింది.

కాసేపటికి లావుపాటాయన మళ్లీ వచ్చాడు. పొట్టేలు టేపు చుట్టింది. ఆయన ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి వదలండి బాబాయ్‌గారూ, మీరు వదిలేదాకా కాసుక్కూచుంటా" అంది, ఈసారి గొంతు తగ్గించి.

తల్లి కుర్చీలో కళ్లు మూసుకుంది. ఆయన వదిలాడు.