డిస్కులో చోటు తక్కువగా ఉంది

కుట్టుమిషను పక్కన నేలమీద బోర్లా పడుకుని, కంప్యూటరు పెట్టె పక్కరేకు ఊడదీసి, బ్రష్షు మాస్టారు లోపలి దుమ్ము దులుపుతున్నారు. గోడలకు రంగులు వేసే రెండంగుళాల బ్రష్షు అది. ఇరవై ఏళ్ళుగా చేతిలో అదే ఉంటుంది గనక ఆ చుట్టుపక్కల వీధుల్లో అందరికీ ఆయన బ్రష్షు మాస్టారే. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనబడదు. కొత్త కంప్యూటర్లు కొన్నవాళ్ళు ఆయన మొహం చూడరు. "దీని పనైపోయిందండీ, కొత్తది తీసుకోండి" అని దుకాణాలవాళ్ళు చేతులెత్తేసిన పాతవాటికే ఆయన వైద్యం. అరవై దాటాయి. వంగితే నడుము, లేస్తే మోకాళ్ళు ఆయనతో వాదనకు దిగుతాయి. ఆయనా ఊరుకోరు, ఏదో గొణుగుతూనే లేస్తారు.

"వారం నించీ ఒకటే గోల మాస్టారూ! చోటు లేదు, చోటు లేదు అంటోంది. నేనేం దాచాను దాన్లో? నాలుగు గౌన్ల ఫోటోలు!" అంది టైలరమ్మ, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే.

"నాలుగు గౌన్లేనమ్మా. కాకపోతే ఒక్కోదాన్నీ ఏడేసి సార్లు దాచారు."

నిజమే. ఫోను తగిలించిన ప్రతిసారీ అందులో ఉన్నదంతా మళ్ళీ మొదట్నించి కొత్త ఫోల్డరులోకి దింపుకుంటూ పోయింది ఆ కంప్యూటరు. మాస్టారు కుర్చీలోకి చేరి, డిస్కులో ఉన్నవాటినన్నిటినీ సైజు ప్రకారం వరసలో నిలబెట్టారు. ఎవరింటికెళ్ళినా ఆయన మొదట చేసే పని అదే. ముందు పెద్దవాళ్ళని పలకరించాలి, చిన్నవాళ్ళతో తర్వాత మాట్లాడొచ్చు అంటారు నవ్వకుండా.

"ఈ నీలం గౌను, ఈ ఆరు నకళ్ళూ. ఉండాలా, పోవాలా?"

ఇది ఆయన రెండో పద్ధతి. తుడిచేయడం అర నిమిషం పని. కానీ ఇంటివాళ్ళు నోరు విప్పి "పోవాలి" అంటే తప్ప ఆయన ఆ మీట నొక్కరు. తల ఊపితే చాలదు. "మీ ఇష్టం మాస్టారూ" అంటే అసలే చాలదు. అవతల అది ఎవరి జ్ఞాపకమో, మధ్యలో నాకేం హక్కుందని ఆయన వాదన. ఈ చాదస్తానికి విసుక్కుని మానేసినవాళ్ళూ ఉన్నారు.

"పోవాలి. అదీ పోవాలి. అన్నీ పోవాలి, ఒక్కోటి ఉంచండి చాలు," అంది టైలరమ్మ గబగబా. ఇవాళ ఆవిడకి తొందరగా ఉంది.

నాలుగు నెలల కిందట ఇదే జబ్బుకు ఇదే కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం ఆవిడకు ఏ తొందరా లేదు. ఒక్కో గౌను దగ్గరా ఆగి, "అయ్యో, దీని మెడ ఎంత బాగా కుదిరిందో చూడండి" అంటూ, ఒక్క 'పోవాలి' పలకడానికి కిందా మీదా పడింది. పద్ధతి పద్ధతే గనక మాస్టారు కదలకుండా కూర్చున్నారు. నాలుగింటికి ఇల్లు చేరాల్సిన మనిషి అయిదూ పదికి చేరారు. ఆ డెబ్భై నిమిషాల్లోనే ఇంట్లో ఆయన అక్క పోయింది. ఆ మాట టైలరమ్మకు ఆయన ఇంతవరకూ చెప్పలేదు. చెప్పి ఏం లాభం? పాపం, ఆవిడ ఇక ఏ గౌను కత్తిరించినా అదే గుర్తుకొస్తుంది. మోసేది ఒకళ్ళు చాలు.

"మీ ఇంట్లో కంప్యూటరుకి ఇలాంటి రోగాలు రావేమో, మీరుండగా!" అంది ఆవిడ, టీ కప్పు అందిస్తూ.

"రావమ్మా," అన్నారు మాస్టారు. శుద్ధ అబద్ధం.

మూడు కాకముందే ఇంటికొచ్చేశారు. రెండో అంతస్తులో రెండు గదులు. తాళం తీస్తుండగానే లోపలినుంచి ఆడగొంతు వినబడింది. "డిస్కులో చోటు తక్కువగా ఉంది."

"విన్నాలేవమ్మా," అన్నారాయన, సంచి కొక్కేనికి తగిలిస్తూ.

ఎనిమిది రోజులుగా ఇదే వరస. గంటకోసారి చెబుతుంది. తెర మీద ఏది పడినా పైకి చదివి వినిపించేలా ఆ కంప్యూటరును ఏర్పాటు చేసింది ఆయనే, చూపు పోయిన అక్క కోసం. అక్క పోయాక తెర మీద పాత దుప్పటి కప్పారు గానీ, పెట్టెను మాత్రం ఆపలేదు. దాని ఫ్యాను చప్పుడు కూడా లేకపోతే ఆ ఇంట్లో ఇక వినడానికి ఏమీ లేదు. పొరుగిళ్ళ రోగాలన్నీ కుదిర్చే మనిషి సొంత ఇంటి రోగం దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే, సమాధానం చిన్నదే. భయం.

అక్క ఆయనకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే ఆయనకు ముక్కు తుడిచిన దగ్గర్నుంచీ అన్నీ తనే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్ళు ఆపరేటరుగా చేసింది. "లైన్లోనే ఉండండి, కలుపుతున్నాను" అనే మాట రోజుకి వెయ్యిసార్లు అని అని, నిద్రలో కూడా అనేది. తనూ పెళ్ళి చేసుకోలేదు, ఆయనా చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "మా ఇద్దరికీ కుదిరిన సంబంధాలన్నీ రాంగు నంబర్లే" అని నవ్వేసేది.

చివరి మూడేళ్ళు చూపు పూర్తిగా పోయింది. తమ్ముడు పనిమీద వెళితే పగలంతా ఒక్కతే. మాట్లాడకుండా ఉండలేని మనిషి. అందుకని మాస్టారు ఒక మైకు తెచ్చి తగిలించి, మాట్లాడిందంతా గంటకో ముక్కగా దాచే ఏర్పాటు చేశారు. కరెంటు పోయి వచ్చినా, మరే ఆటంకం వచ్చి తొలగినా, ఆగిన చోటునుంచి తనంతట తనే మొదలయ్యేలా చూశారు. స్పేస్ బార్ ఒకసారి నొక్కితే మొదలు, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. అక్క వేలికి దొరకాలని దానిమీద తన పాత చొక్కా గుండీ ఒకటి జిగురుతో అంటించారు.

మొదలుపెట్టడం అక్కకు మొదటిరోజే వచ్చేసింది. ఆపడం మాత్రం మూడేళ్ళలో ఒక్కసారీ చేయలేదు.

"మళ్ళీ నొక్కాలక్కా. లేకపోతే అది అలా వింటూనే ఉంటుంది."

"నేను నొక్కను. ఫోను పెట్టెయ్యాల్సింది అవతలివాళ్ళురా. ఆపరేటరు ముందు లైను తెంపితే మా సూపర్వైజరు చెవి మెలిపెట్టేది. వినేది నువ్వు, ఆపేదీ నువ్వే."

అందుకని ప్రతి సాయంత్రం ఇంటికొచ్చి, అక్కకు టీ ఇచ్చాక ఆయనే ఆ గుండీ నొక్కేవారు. "ఇంతకీ ఏం చెప్పావక్కా ఇవాళ?" అని అడిగితే, "నేను పోయాక తీరిగ్గా వినుకో. ఉన్నన్నాళ్ళూ నన్నే వినొచ్చుగా" అనేది.

ఆవిడ పోయింది. ఆయన వినలేదు. కింది వాటాలో నర్సమ్మ ఆరోజు పరుగెత్తుకొచ్చి నాడి చూసి, "బాధ పడినట్టు లేదన్నయ్యా, నిద్రలోనే పోయుంటారు" అంది. పోయుంటారు అనే ఆ మాట నాలుగు నెలలుగా ఆయన గొంతులో అడ్డం పడి ఉంది. బాధ పడిందేమో. పిలిచిందేమో. "ఒరేయ్ తమ్ముడూ" అని పిలుస్తూ ఉంటే, తనక్కడ నీలం గౌను ఉండాలా పోవాలా అని అడుగుతూ కూర్చున్నాడేమో. నిజం ఏమిటో ఆ డిస్కులో ఉంది. ఉందని ఆయనకు తెలుసు. తెలుసుకోవాలని ఉంది, తెలుసుకుంటే బతకలేనేమోననీ ఉంది.

కానీ నిన్నటినుంచి పెట్టె మొరాయిస్తోంది. పొద్దున రెండుసార్లు దానంతట అదే పడిపోయి లేచింది. ఊపిరాడక మూడోసారి లేవకపోతే అక్క గొంతు మొత్తం దాంతోపాటే పోతుంది. ఇక తప్పదు.

దుప్పటి తీశారు. కీబోర్డు మీద దుమ్ము బ్రష్షుతో దులిపారు. గుండీ చుట్టూ మాత్రం నెమ్మదిగా. తర్వాత అలవాటు ప్రకారం డిస్కులో ఉన్నవాటిని సైజు వరసలో నిలబెట్టారు.

పెద్దవాళ్ళెవరూ లేరు. అన్నీ ఒకే ఎత్తు. ఒక్కోటి యాభై ఏడు ఎంబీ, గంట గంటకీ ఒకటి, తెరమీద జరుపుతుంటే ఎంతకీ తరగడం లేదు. తేదీలు చూసి ఆయన కుర్చీలో వెనక్కి జరిగారు. అక్కవి రోజుకి రెండు, మూడు ఉన్నాయి. ఆవిడ పోయిన రోజు నుంచి మాత్రం రోజుకి ఇరవై నాలుగు. పగలూ రాత్రీ, రెండువేల ఎనిమిది వందల పైచిలుకు ముక్కలు, ఎనిమిది రోజుల కిందట డిస్కు నిండిపోయేదాకా.

ఆ సాయంత్రం గుండీ ఎవరు నొక్కారు? ఎవరూ నొక్కలేదు. ఆ హడావిడిలో ఆయనకు గుర్తే లేదు. అక్క పద్ధతి ప్రకారం అక్క నొక్కలేదు. ఊరందరి కంప్యూటర్లూ ఖాళీ చేసే బ్రష్షు మాస్టారి ఇంట్లో ఈ నాలుగు నెలలూ లైను తెరిచే ఉంది.

ఆ కొత్త వాటిలో ఒకదాన్ని తెరిచారు. ఫ్యాను చప్పుడు. ఎక్కడో చెంచా కంచానికి తగిలిన చప్పుడు. కొళాయి. ఒక మనిషి తుమ్మాడు. ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ ఫ్యాను. మాస్టారు తన ఇంటిని తొలిసారి బయటినుంచి విన్నారు. అందులో ఉన్న మనిషి మీద ఆయనకు చెప్పలేనంత జాలి వేసింది.

దాన్ని మూసేసి ఆరోజు నాలుగు గంటల ముక్క దగ్గరికి వెళ్ళారు. ఇయర్‌ఫోన్లు వద్దనుకున్నారు. గదిలోనే వినబడాలి.

గోడ గడియారం నాలుగు కొట్టింది. అక్క ఏదో కూనిరాగం తీస్తోంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, గాలికి తలుపు కిర్రుమంది. ఆ తలుపు గడియ ఎప్పుడూ వదులే. బాగుచేస్తానని ఆయన ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు.

కూనిరాగం ఆగింది.

"వచ్చావా?" అంది అక్క. "నాలుగు కొట్టిందో లేదో వచ్చేశావే! చెప్పిన టైముకి వచ్చావురా, చాలు. తలుపెయ్యి, గాలి కొడుతోంది."

తలుపు గాలికి ఊగుతూనే ఉంది.

"సరేలే, ఉండనీ. అలిసిపోయి ఉంటావు. నువ్వేం మాట్లాడకు. కూర్చో." మంచం కిర్రుమంది. గొంతు కాస్త దూరమైంది. "నాకూ ఎందుకో బద్ధకంగా ఉంది ఇవాళ. ఒక్క కునుకు తీస్తా. లైన్లోనే ఉండు."

అంతే. ఆ తర్వాత ఊపిరి చప్పుడు ఉంది. ఫ్యాను, గడియారం, ఊపిరి. మాస్టారు స్పీకరుకు దగ్గరగా వంగి విన్నారు. ఎప్పుడో ఒకచోట ఫ్యానూ గడియారమూ మాత్రమే మిగిలాయి. ఎక్కడన్నది ఆయన గుర్తుపట్టలేకపోయారు. వెనక్కి తిప్పి చూసుకోలేదు కూడా.

అక్క పిలవలేదు. పిలవాల్సిన అవసరం ఆవిడకు రాలేదు. తమ్ముడు వచ్చాడనే అనుకుంది.

అయిదు గంటల ముక్క దానంతట అదే మొదలైంది. పది నిమిషాలకు తలుపు మళ్ళీ కిర్రుమంది. ఈసారి చెప్పులు విడిచిన చప్పుడు, ఆయన గొంతు.

"ఆలస్యమైందక్కా. కోపం తెచ్చుకోకు. ఆ టైలరమ్మ లేదూ, ఒక్కో గౌను ఏడేసిసార్లు దాచిందంటే నమ్ముతావా? ఉండాలా పోవాలా అంటే ప్రతిదానికీ కళ్ళనీళ్ళే. చెప్పకూడదు గానీ, నీలం గౌను నిజంగానే బావుంది. టీ పెట్టనా? పలకవేం? సరే, అలక తీరాకే మాట్లాడు." గిన్నె పెట్టిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు. "వింటున్నావా? రేపు త్వరగా వస్తాలే. ఒట్టు." కప్పుల చప్పుడు. అడుగులు. "అక్కా."

మాస్టారు అక్కడితో ఆపేశారు. తర్వాతది ఆయనకు తెలుసు. మొహం చేతుల్లో దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి. కిటికీలో ఎండ ఒక చువ్వ నుంచి ఇంకో చువ్వకు జరిగేదాకా ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని, వచ్చి పనిలో కూర్చున్నారు.

అక్క మాట్లాడిన మూడేళ్ళనూ, ఆ చివరి రెండు గంటలనూ ముందు వేరే డిస్కులోకి ఎక్కించారు. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నారు. తర్వాత, ఆ సాయంత్రం ఆరు గంటల నుంచి ఉన్న రెండువేల ఎనిమిది వందల పైచిలుకు గంటలనూ ఒక్కసారిగా పట్టుకున్నారు.

"ఉండాలా, పోవాలా?" అన్నారు పైకే.

ఇంటివాళ్ళు చెప్పాలి. ఇంటివాళ్ళంటే ఇప్పుడు తనొక్కడే.

"పోవాలి."

అర నిమిషం పని. డిస్కు నిండిందని చూపే ఎర్రగీత కాస్తా నీలమైంది. అది అలా నీలమయ్యిందో లేదో, తెర మూలన ఎర్రచుక్క ఒకటి టప్పున వెలిగింది. "చోటు దొరికింది. రికార్డింగు కొనసాగుతోంది," అంది ఆడగొంతు. ఆటంకం తొలగితే తనే మొదలవ్వాలని ఏర్పాటు చేసింది ఆయనే కదా. లైను ఇంకా తెరిచే ఉంది. పెట్టెయ్యాల్సింది అవతలివాళ్ళు. ఆ అవతలివాడు నాలుగు నెలలుగా ఇక్కడే, ఇదే గదిలో తిరుగుతున్నాడు.

మాస్టారు లేచి వెళ్ళి తలుపు వేశారు. వదులు గడియలో కాగితం మడత దూర్చి బిగించారు. తిరిగొచ్చి మైకును దగ్గరికి లాక్కున్నారు.

"వచ్చానక్కా," అన్నారు. "తలుపేశాను."

కాసేపు ఆగారు, అవతల ఇంకేమైనా చెప్పాల్సింది ఉందేమో అన్నట్టు. తర్వాత వేలితో తడిమి గుండీ నొక్కారు. ఎర్రచుక్క ఆరిపోయింది. కంప్యూటరును పద్ధతి ప్రకారం మూసి, వెనక మీట కూడా ఆపేశారు. ఫ్యాను తిరిగి తిరిగి, నెమ్మదించి, ఆగింది. ఆయన టీ పెట్టుకోవడానికి పక్కగదిలోకి వెళ్ళారు.

బల్లమీద, స్పేస్ బార్ మధ్యలో ఆ తెల్ల చొక్కా గుండీ ఉంది. నాలుగు చిల్లులు, ఒకదాంట్లో తెగిన దారం పోగు, మూడేళ్ళ వేలి రాపిడికి కుడివైపు అంచు మాత్రం నున్నగా అరిగిపోయి.