ఆరు కుర్చీలు, ఒకే కన్ను

మేస్త్రీ ఉలి చేతిలో పట్టుకునే మెట్లెక్కాడు. కింద కార్ఖానాలో రంపం చప్పుడు ఆగడం, ఆ వెంటనే మెట్లు దబదబలాడటం విని, పై గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న అతని మేనకోడలు బిగుసుకుపోయింది. మామయ్యకు కోపమొస్తే ముందు రంపం ఆగుతుంది, తర్వాతే నోరు మొదలవుతుంది.

"ఏమే, ఈ బొమ్మ చేసింది నువ్వేనా?" రంగుల కాగితం ఒకటి ఆమె కీబోర్డు మీద విసిరాడు.

ఆమె చేసిందే. భోజనాల బల్ల చుట్టూ ఆరు చెక్క కుర్చీలు. ప్రతి కుర్చీ వీపు పలక మీదా కుడివైపు పైన, కొమ్మ మొలిచిన చోట మిగిలే ముడి ఒకటి, కన్నులా. దాని చుట్టూ సుడి తిరిగిన చారలు. ఆరింటికీ అదే కన్ను, అవే చారలు.

"నేనే మామయ్యా."

"అయితే ఆ చెట్టు కూడా నువ్వే నాటిరా! ఒకే కన్ను ఆరుసార్లు కాసే చెట్టు! ఆర్డరిచ్చిన పెద్దావిడ కింద కూర్చుని, బొమ్మలో ఉన్నట్టే కావాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ముట్టుకోనంటోంది. కడుపున పుట్టిన పిల్లలే ఒకేలా ఉండరు, కర్ర ఉంటుందా?"

ఆమె కాగితాన్ని కీబోర్డు మీంచి తీసి పక్కన పెట్టింది. కార్ఖానాలో ఆమెకు 'మూగనోము' అని పేరు. నిజానికి ఆమె చేసింది ఉత్త బొమ్మ కాదు. కంప్యూటర్లో ఒక దుంగనే చేసింది. లోపల వలయాలు, గుండె నుంచి బయటికి పొడుచుకొచ్చిన కొమ్మ, ఎక్కడ కోస్తే అక్కడ వేరే చారలు. ఒక వీపు పలక కోసి, మిగతావి దేనికది విడిగా కోయబోతుంటే యజమాని వెనక నుంచి వంగి చూసి, "ఒకటి అయిందిగా, దాన్నే మిగిలిన ఐదింటికీ అచ్చేసెయ్. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు. చూసేవాళ్లు ఉంటారని చెప్పబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఇప్పుడు మామయ్య చేతిలో ఉలై నిలబడింది.

కేకలకు యజమాని తన గదిలోంచి వచ్చాడు. ఆయన వెనకే, ఆయాసపడుతూ ఒక్కో మెట్టూ ఎక్కి పెద్దావిడ కూడా వచ్చింది.

"దీనికింత రాద్ధాంతమా మేస్త్రీ?" అన్నాడు యజమాని. "కుర్చీలు నువ్వు చెయ్యి. ఈ బొమ్మలో చారల్ని పెద్దగా అచ్చు కొట్టించి వీపు పలకల మీద స్టిక్కర్లు అతికిద్దాం. పైన రెండు చేతులు వార్నిష్. బ్రహ్మదేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు."

"నా కర్ర మీద కర్ర బొమ్మా? బంగారానికి గిల్టు పూత వేయమంటారా?"

"నన్నంటే ఏం లాభం? నీ మేనకోడలు చేసిన పొరపాటుకి నేను దారి చూపిస్తున్నా."

మేనకోడలు చివాలున తలెత్తింది. యజమాని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పెద్దావిడ కుర్చీ కోసం చుట్టూ చూసింది. కుర్చీలమ్మే ఆఫీసులో ఉన్నది మేనకోడలు కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే, దానికీ వీపు పగిలి తాడు కట్టి ఉంది. ఆమె లేచి అదే జరిపింది.

"నాకు ముచ్చటై అడుగుతున్నానా బాబూ?" అంది పెద్దావిడ కూలబడుతూ. "ముగ్గురు కోడళ్లు నాకు. మొన్న దుప్పట్లు కొంటే, ఆవిడకి గులాబీ రంగు నాకు బూడిద రంగా అని ఇల్లు పీకి పందిరేశారు. ఒక కుర్చీ మీద గీత కాస్త అందంగా ఉందో, ఇక నా ప్రాణం తోడేస్తారు. స్టిక్కరైతే స్టిక్కరే కానీండి."

"విన్నావా మేస్త్రీ!" యజమాని మేనకోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, పెద్ద సైజు ఫైలు ప్రెస్సుకి పంపు."

"పంపను."

మామయ్య ఉలి దించేశాడు.

"అచ్చేసెయ్యమన్నది మీరు," అంది ఆమె. "చూసేవాడు లేడన్నది మీరు. ఇప్పుడు పొరపాటు నాదా? నోరు లేనిదని మొత్తం నా నెత్తిన రుద్దుతారా? ఆ రోజు నేను గట్టిగా చెప్పకపోవడం, అదొక్కటే నా తప్పు. మా మామయ్య చేసిన కర్ర మీద కాగితం అతికించడానికి నా ఫైలివ్వను. పనిలోంచి తీసేస్తే తీసెయ్యండి."

ఆమె వెంటనే కంప్యూటర్ తెరను పెద్దావిడ వైపు తిప్పింది. దుంగ కనిపించింది. దాన్ని పలుచని పొరలుగా కోసి, ఆరు పొరల్ని వరసగా పేర్చింది.

"ఇవన్నీ ఒకే దిమ్మలో పక్కపక్క పొరలమ్మా. ఒక్క తల్లి పిల్లలు. లోపలికి పోయే కొద్దీ కన్ను కొంచెం కొంచెం చిన్నదవుతుంది. ఇందులో ఏది బాగుందో మీరే చెప్పండి."

పెద్దావిడ ముక్కు తెరకు తగిలేంత వంగి, ఈ చివరి నుంచి ఆ చివరికీ, ఆ చివరి నుంచి ఈ చివరికీ చూసింది. "నాకు తెలియడం లేదు. మా మూడోదైతే పట్టేస్తుంది," అని నిటారుగా కూర్చుంది. "పట్టుకుని మాత్రం ఏమంటుందిలే, ఒకే దుంగ అంటే. సరే, చేసి చూపించండి."

అప్పుడు భగ్గుమన్నది మామయ్య.

"తెర మీద కోస్తే రంపానికి పళ్లు అరగవే! అంత మందం దిమ్మ నా దగ్గర ఉన్నది ఒక్కటే. నా బల్ల కింద ఉంది. ఎన్నేళ్ల నుంచి దాచానో తెలుసా నీకు? ఎవరడిగినా ఇవ్వలేదు. దాన్ని ముక్కలు చెయ్యమంటావా, ఈవిడ కోడళ్ల వంతుల కోసం?"

"కాగితం అతికిస్తావా మామయ్యా, దిమ్మ కోస్తావా?"

మామయ్య ఆమెను కొట్టేలా చూశాడు. తర్వాత మెట్లు దబదబలాడాయి. కాసేపటికి కింద రంపం మొదలైంది. ఆ చప్పుడు మామూలుగా లేదు, ఎవరినో తిడుతున్నట్టుంది.

వారం తర్వాత ఆరు కుర్చీలు గోడ వారగా నిలిచాయి. కన్ను మేనకోడలు గీసిన చోట లేదు, దిమ్మకు ఉన్న చోట, కొంచెం ఎడమకి, కొంచెం కిందికి ఉంది. ఒక కుర్చీ నుంచి మరో కుర్చీకి నెమ్మదిగా చిన్నదవుతూ వచ్చింది. పెద్దావిడ ముగ్గురు కోడళ్లనూ వెంటబెట్టుకొచ్చి, వాళ్లు గొణుగుతుండగానే కుర్చీల్ని బండిలోకి ఎక్కించేసింది. యజమాని మేనకోడలితో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. పనిలోంచి మాత్రం తీసెయ్యలేదు, కంప్యూటర్లో ఆ దుంగ తెరిచి కోయడం ఆమెకు తప్ప ఎవరికీ రాదు.

ఆ సాయంత్రం మళ్లీ మెట్లు దబదబలాడాయి. మామయ్య భుజం మీద ఇంకో కుర్చీ ఉంది. దిమ్మలో మిగిలిన ఏడో పొరతో చేసిందది. గుండెకు ఆనుకున్న పొర. దాని మీద కన్ను ఆవగింజంత చుక్కైపోయింది, పక్కనే సన్నటి పగులు కూడా ఉంది.

పగిలిన ప్లాస్టిక్ కుర్చీని కాలితో మూలకు తన్ని, కొత్త కుర్చీని కంప్యూటర్ ముందు దబ్బున దించాడు.

"కూర్చో. ఇక మీద గీసేటప్పుడు ఈ పగులు వీపుకి గుచ్చుకోవాలి నీకు."

"గుచ్చుకోనీ," అంది ఆమె, అంతే విసురుగా. కూర్చుంది. పగులు నిజంగానే గుచ్చుకుంది. ఆమె ఇంకా వెనక్కి ఆనుకుని, తెర మీద అచ్చేసిన ఐదు కుర్చీలనూ ఒక్కొక్కటిగా చెరిపేయడం మొదలుపెట్టింది.