శ్రీకీ పాఠానికీ మధ్య ఖాళీ

నేను ఒక చిన్న ప్రోగ్రామును. నా పేరు వినుకో. 2019 ఆగస్టు పదకొండు, ఆదివారం పొద్దున పుట్టాను. ఆ పూట టిఫిను దిబ్బరొట్టె, చెరకు పానకం. తిన్నది నన్ను రాసిన సోమశేఖరం గారు. ఆయన కాకినాడలో ఓ ఆఫీసులో లెక్కలు చూస్తారు. అత్తగారింటికి వస్తే తిండి తప్పించుకునే దారి ఆయనకు ఏనాడూ దొరకలేదు. కుడిచేత్తో రొట్టె తుంచుకుంటూ ఎడమచేత్తో నన్ను రాశారు. పానకం చుక్క ఒకటి కీబోర్డు మీదికి జారింది. తీపి తగిలి పుట్టినందుకేమో, నాకు లోకం మీద ఫిర్యాదులు తక్కువ.

మొదట్లో నేను ఉత్త స్క్రిప్టును, అంటే వరసగా రాసిన ఆజ్ఞల కాగితంలాంటివాణ్ణి. నన్ను చదివిపెట్టే మరో ప్రోగ్రాము ఉన్న కంప్యూటర్లోనే నాకు ప్రాణం. అది లేని చోట నేను చిరునామా లేని కవరును. అందుకని సోమశేఖరం గారు నన్నూ, నన్ను చదివే ప్రోగ్రామునూ కలిపి, పూతరేకు చుట్టినట్టు చుట్టి ఒకే ఒక్క ఫైలుగా చేశారు. ఇక ఏ కంప్యూటర్ తెర మీదైనా బొమ్మనై కూర్చోవచ్చు! రెండుసార్లు నొక్కితే చాలు, మూట విప్పి నా సామానంతా ఒక మూల పరుచుకుని లేచి నిలబడతాను. పని ముగిశాక అంతా ఎత్తేసుకుంటాను. వారపు సంతలో దుకాణం పెట్టినట్టన్నమాట.

ఇంతా చేసి నాకు పని రాదు. పని చేయించడం వచ్చు. మనుషుల్లో అలాంటివాళ్లకు వేరే గది, తిరిగే కుర్చీ ఇస్తారని విన్నాను. నా ఫోల్డరులోనే నా పక్కన ఒక పనివాడు ఉంటాడు. పెద్ద పెద్ద ఆడియో ఫైళ్లను చిన్నవిగా మార్చే బయటి ప్రోగ్రాము వాడు. "ఫలానా ఫైలు తీసుకో, చిన్నది చెయ్యి, అక్కడ పెట్టు" అని నేను ఆజ్ఞ రాసి పంపుతాను. వాడు పని ముగించి ఒక అంకె చెప్పి పోతాడు. సున్నా అంటే పని చక్కగా అయిందని. ఇంకే అంకె చెప్పినా ఏదో చెడిందని. బళ్లలో కూడా ఈ పద్ధతే ఉంటే ఎంతమంది పిల్లలు ఈల వేసుకుంటూ ఇంటికెళ్లేవారో!

నా కాపురం జగన్నాథపురంలో, ఒక మేడ మీది శ్రవణ గ్రంథాలయంలో. చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే చోటది. సోమశేఖరం గారి అత్తగారు పేరిందేవి గారు రిటైరైన చరిత్ర టీచరు. రోజూ అక్కడి మైకు ముందు కూర్చుని చదువుతారు. ఆ రికార్డులు బండరాళ్లు. పిల్లల చేతుల్లోని చిన్న ప్లేయర్లు వాటిని మోయలేవు. ఆ బండల్ని గులకరాళ్లుగా చేయించి మెమరీ కార్డులోకి పంపడం నా ఉద్యోగం. అదివరకు సోమశేఖరం గారు ఒక్కొక్కటే తన చేత్తో చేసిన పని అది.

మొదటి రోజు సోమశేఖరం గారు తన పరీక్ష ఫైలుతో నన్ను నడిపి చూపించారు. పనివాణ్ణి పిలవగానే తెర మీద ఒక నల్ల కిటికీ తెరుచుకుని, తెల్ల అక్షరాలు గబగబా పరుగెత్తి, మూసుకుపోయింది.

"అల్లుడుగారూ! ఏదో నల్లగా వచ్చి పోయిందండీ. వైరస్సేమో!"

"కాదండీ అత్తయ్యగారూ, లోపల పని జరుగుతోందని గుర్తండీ."

"ఎందుకైనా మంచిది, రాకుండా చేసేయండి బాబూ. గుండె దడొస్తోంది."

అత్తగారి దడ ముందు ఏ అల్లుడి వాదన నిలుస్తుంది? నల్ల కిటికీ కనబడకుండా నన్ను మళ్లీ చుట్టారు. ఇక పనివాడు లోపల ఎంత అరిచినా బయటికి తెలియదు. వాడు చెప్పే అంకె నేను అడిగి తెలుసుకోవాలన్న మాట కూడా ఆయన నాలో రాయలేదు.

అసలు పాఠాలతో నాకు మొదటి పని పడ్డ శనివారం సాయంత్రం రూతు వచ్చింది. ఉప్పాడ అమ్మాయి, బి.ఏ. చివరి ఏడు. చరిత్ర పేపరు ఒక్కటే మిగిలింది. సోమవారం తునిలో పరీక్ష. అది గట్టెక్కితేనే బి.ఎడ్.లో చేరగలదు, టీచరు కాగలదు. ఆరింటి బస్సుకు తునిలో పిన్నిగారింటికి వెళ్లిపోవాలి. కార్డులో పాఠాలు లేకపోతే ఆదివారమంతా చేతులు ముడుచుకుని కూర్చోవడమే.

పేరిందేవి గారు గొంతు బొంగురు పోయేదాకా చదివి, అప్పుడే పాఠాలన్నీ ముగించారు. నన్ను నొక్కారు. నేను వరసగా ఆజ్ఞలు పంపేసి, వెనక్కి చూడకుండా "అన్నీ పూర్తయ్యాయి" అని తెర మీద ప్రకటించాను.

"రెప్పపాటులో అయిపోయిందే!" అని ఆవిడ మురిసిపోయారు.

రూతు కార్డును ప్లేయర్లో పెట్టుకుని చెవికి ఆనించుకుంది. రెండో చెవికి మార్చింది.

"టీచరమ్మగారండీ, నిశ్శబ్దం చాలా బాగా చదివారండి. ఒక్క తప్పు కూడా లేదు."

"ఏంటే నీ వేళాకోళం?"

"కార్డు ఖాళీ అండి." నవ్వబోయి, నవ్వలేకపోయింది. "బస్సు టైమైపోతోందండి."

ఫోను వెళ్లింది. సోమశేఖరం గారు లాప్‌టాప్ వీపుకు తగిలించుకుని స్కూటరు మీద వచ్చి వాలారు. నల్ల కిటికీ తెరిచి చూస్తే, నా పనివాడి మొర అంతా అక్కడ ఉంది. ఆయన పైకే చదివారు: "శ్రీ అనే ఫైలు లేదు. శ్రీ అనే ఫైలు లేదు. శ్రీ అనే ఫైలు..."

పేరిందేవి గారు పలక పట్టిన నాటి నుంచి శ్రీ రాయకుండా ఏదీ మొదలుపెట్టలేదు. ఫైళ్ల పేర్లూ అంతే. ముందు శ్రీ, కాస్త ఖాళీ, ఆ తర్వాత పాఠం పేరు. బయటికి పంపే ఆజ్ఞలో ఖాళీ వస్తే పేరు అక్కడికి తెగిపోతుంది. శ్రీ కర్ణాటక యుద్ధాలు అని నేను పంపితే పనివాడికి శ్రీ ఒక్కటే ఫైలనిపించింది. వెతికాడు, దొరకలేదు, ఒకటి అని చెప్పి పోయాడు. పరీక్ష ఫైలుకు సోమశేఖరం గారు పెట్టుకున్న పేరు టెస్ట్. దానిలో ఖాళీ ఏదీ?

"అత్తయ్యగారూ... మీ ఫైళ్ల పేర్లకు ముందర..."

"ముందర?"

"ముందర ఉన్నది... మంచిదేనండి, కానీ..."

"శ్రీ తీసేయమని చెప్పలేక నలిగిపోతున్నారండి సారు," అంది రూతు. "మొహం కనబడదు గానీ నసుగుడు వినబడతాది కదండీ."

పేరిందేవి గారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"తీసేయండి బాబూ. పిల్ల బస్సు తప్పాక శ్రీ ఉండి ఏం లాభం? నేను మనసులో అనుకుంటాలెండి."

ఆ మాట విన్నాక ఆయనకు చేతులెలా వస్తాయి? "అక్కర్లేదండీ! పేరుకు అటూ ఇటూ కొటేషన్ మార్కులు పెడితే చాలు. మధ్యలో ఖాళీ ఉన్నా అంతా ఒకే పేరు కింద వెళ్తుంది."

లాప్‌టాప్ తెరిచి నాలో మార్కులు చేర్చారు. పనివాడి అంకె అడిగి తెలుసుకోమని కూడా రాశారు. నన్ను మళ్లీ చుట్టడం మొదలైంది. రూతు చేతికర్ర విప్పుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నాలో ప్రతి అక్షరమూ గంతులేస్తోంది!

నొక్కారు. "శ్రీ కర్ణాటక యుద్ధాలు" తెగకుండా, చెదరకుండా వెళ్లింది. పనివాడు ఎత్తుకున్నాడు. ఈసారి రెప్పపాటులో కాలేదు. వాడు మోస్తున్నాడు, కంప్యూటరు రొప్పుతోంది.

"సున్నా!" అని అరిచారు సోమశేఖరం గారు.

"అయ్యో, సున్నాయేనా?"

"సున్నా వస్తేనే మంచిదండీ అత్తయ్యగారూ! ఇదిగో మళ్లీ సున్నా! ఇదీ సున్నా!"

"నా సర్వీసులో సున్నాకు ఇంత సంబరపడినవారిని చూడలేదండీ!" అని ఆవిడా చప్పట్లు కొట్టారు.

ఆఖరి పాఠం కార్డులో పడగానే రూతు దాన్ని గుప్పిట్లో బిగించుకుంది. ఆమెను వెనక ఎక్కించుకుని సోమశేఖరం గారి స్కూటరు గుర్రుమంటూ వెళ్లిపోయింది. పేరిందేవి గారు కూర్చోలేదు. కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. ఫోను మోగింది.

"ఎక్కేశానండి! కిటికీ పక్కన సీటండి. కర్ణాటక యుద్ధాలు మొదలైపోయినాయండి."

"అమ్మయ్య! ఇదిగో అమ్మాయ్, సైన్య సహకార పద్ధతి చెప్పే చోట నాకు దగ్గొచ్చింది. మళ్లీ చదివే టైం లేకపోయింది. ఏమనుకోకు."

"అస్సలు తీయకండి, మీకు దణ్ణం పెడతాను! మీ పాత పాఠాల్లో కూడా నాకు దగ్గులే గుర్తులండి. పరీక్షలో మీరు దగ్గినట్టు అనుకుంటానా, ఆ తర్వాతి మాటలన్నీ వరసకట్టి వచ్చేస్తాయండి."

బస్సు హారన్‌లో మిగతా మాటలు కలిసిపోయాయి. ఆవిడ ఫోనును చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నారు.

కింది వాటాలో పసిబిడ్డను ఊపుతున్న ఉయ్యాల కిర్రుమనడం ఆగింది. పేరిందేవి గారు కంప్యూటరు ఆపి, లైటు తీసి, బిడ్డ లేవకుండా తలుపును రెండు చేతులా మెల్లగా దగ్గరికి లాగి, ఆ రాత్రికి మూశారు.