రంగు ఆరేదాకా

నేను ముల్లంగి తరుగుతున్నప్పుడే అడుగుతాడు. చేతులు పనిలో ఉంటే నా నోరు ఖాళీగా ఉంటుందని నా భర్త షౌరెన్ నమ్మకం.

"మీ మిల్లు క్వార్టర్స్ వరండాలో దీపం ఏ రంగులో ఉండేదన్నావు?"

"నిన్నటి టీ రంగు. చుట్టూ బొగ్గుల పొయ్యిల పొగ."

ముల్లంగి జాడీలో ఊరేసేలోగా అది కాన్వాసు మీద ఉంటుంది. మా ఊరు చోంగ్‌చింగ్‌లో ఎండ కనబడే రోజులు తక్కువ. అందుకే కాబోలు, అతని బొమ్మల్లో వెలుతురుకి అంత పేరు. కేటలాగులో 'చిత్రకారుడి బాల్య స్మృతులు' అని వేస్తారు. బాల్యం నాది. బ్రష్షులు కడిగేదీ నేనే.

"నీ బాల్యంతో నువ్వేం చేసుకుంటావ్, ఊరగాయ పెడతావా?" అన్నాడొకసారి. నేనూ నవ్వాను.

పోయిన శీతాకాలం మా చెల్లెలు హుయిలాన్ ఫోన్ చేసి, "అక్కా, మనిద్దరం కప్పుకున్న ఎర్ర బొంత గుర్తుందా?" అంది. నాకు అతని బొమ్మలోని బొంత కనబడింది. దాని కింద మేం లేము. ఫోన్ మాటలు విని పక్కగదిలోంచి మా అత్తగారు అందుకుంది. "ఆ బొంత నేనే కుట్టానమ్మాయ్. పదహారు పూలు. సూది కూడా విరిగింది." తమ ఇంట్లో ఎప్పుడూ ఎర్ర బొంతే లేదని, బొమ్మ పూర్తికాక ముందు చెప్పింది ఆవిడే.

బొమ్మలోకి ఎక్కింది నాలోంచి పోతోందేమోనన్న అనుమానం తీర్చుకోవాలని, తొమ్మిదో ఏట నాకొచ్చిన పన్నునొప్పిని ముందు కేలండర్ వెనక రాసుకుని, తర్వాత బొమ్మ వెయ్యమని అతనికి చెప్పాను. రంగు ఆరిన రోజున నేను రాసుకున్నది చదివితే, ఎవరి సంగతో అనిపించింది. అతను మాత్రం, "చిన్నప్పుడు ఈ పన్ను ఎంత ఏడిపించిందో" అంటూ బుగ్గ పట్టుకు తిరుగుతున్నాడు.

ఇవాళ పెద్ద కాన్వాసు బిగించి వచ్చాడు. "ఈసారి మీ అమ్మ ముఖం కావాలి. మిల్లులో మగ్గం దగ్గర, కిటికీ వెలుతురులో. పుట్టుమచ్చతో సహా చెప్పు."

అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఆమె పోయేనాటికి హుయిలాన్‌కి నాలుగేళ్ళు, ముఖం తెలియదు. అమ్మ మిగిలి ఉన్నది నాలోనే.

కత్తి పక్కన పెట్టాను. "అమ్మ సంగతి తర్వాత. అంతకంటే మంచి వెలుతురు ఉంది నా దగ్గర. నువ్వు పెళ్ళిచూపులకి వచ్చిన రోజు. రేవు మెట్ల మీద పొగమంచు అప్పుడే విడిపోతోంది."

"అవునా? నాకేం గుర్తులేదే."

"ఫరవాలేదు, కూర్చో. ఆ రోజు మొదలుకొని ఇవాళ్టి దాకా మన కాపురమంతా చెబుతాను. ఒక్కటీ దాచుకోను."