తొమ్మిదోసారి దిగంత్

సినిమా చివర్లో దిగంత్ చచ్చిపోతాడని నాకు ముందే తెలుసు. మా ఆయనకు తెలియదు. తెలియకుండానే ఆయన్ను మా ఊరి బస్సెక్కించాలని ఆ మధ్యాహ్నం మార్కాపురం సినిమా హాల్లో ఆయన పక్కన కూర్చున్నాను.

దిగంత్ గూఢచారి. ఇప్పటికి ఎనిమిది సినిమాలు వచ్చాయి, ఇది తొమ్మిదోది. హిందీలో తీసి తెలుగులోకి మారుస్తారు. కథ ఎప్పుడూ ఒకటే. శత్రువుల మధ్యకు ఒంటరిగా పోతాడు, చివర్లో కొండ మీద నుంచో వంతెన మీద నుంచో పడిపోతాడు, అందరూ పోయాడనుకున్నాక లేచి వస్తాడు. లేచి రావడం మాత్రం మేము ఒక్కసారీ చూడలేదు. ఆట వదలకముందే, ఐదుంపావుకే మా అర్ధవీడు బస్సు వెళ్లిపోతుంది. అందుకని దిగంత్ పడగానే మా వైపు ఊళ్లవాళ్లమంతా లేచి బస్టాండుకు పరుగెత్తుతాం. పడ్డాడంటే ఇక లేస్తాడనే లెక్క. ఎనిమిది సినిమాలూ అలాగే చూశాం.

మా ఆయన పిచ్చయ్యకు గుండెలో మూడు నరాలు పూడిపోయాయి. ఒంగోలు డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. మేం సినిమాకు పోయిన మర్నాటికల్లా వచ్చి చేరకపోతే ఆ తర్వాత తన పూచీ లేదన్నాడు. ఈయన కదలడు.

"మూడుసార్లు నొప్పి వచ్చింది. మూడుసార్లూ సోడా తాగి లేచి కూచున్నా. ఇంక కోసేదేంది?" అంటాడు.

మా ఇళ్లలో పెద్ద పని ఏదైనా పోలేరమ్మ తల్లి దగ్గర పువ్వు అడిగి చేస్తారు. తల్లి మీద పువ్వు పెట్టి ఎదురుగా కూర్చుంటారు. కుడి పక్కకు రాలితే చేయాలి, ఎడమ పక్కకు రాలితే మానుకోవాలి. అడిగాక తప్పకూడదు. ఆపరేషన్ గురించి పువ్వు అడగమని నేను పోరాను. ఆయన అడగలేదు. కానీ కంభంలో కొత్త సినిమా పోస్టరు చూసి నవ్వుతూ అన్నాడు:

"ఈసారి గూడా దిగంత్ లేస్తే ఒంగోలు పోదాం. లేవకుంటే ఆ మాటే ఎత్తగూడదు."

నవ్వుతూ అన్నా, ఆయనకు అడిగింది అడిగినట్టే. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎనిమిదిసార్లు లేచినవాడు తొమ్మిదోసారి లేవడా?

ఆయన ఆ మాటన్న మూడో రోజు పుణుగులు కట్టించుకొచ్చిన కాగితం చూశాను. పలకల ఫ్యాక్టరీలో కట్టలు కడుతూ నా అంతట నేను నేర్చుకున్న అక్షరాలు నావి. కాగితం కనబడితే చదవకుండా పారేయలేను. అది సినిమా పేజీ. "తొమ్మిదో భాగం పాత దారి వదిలేసింది. దిగంత్ మరణంతో ముగుస్తుంది" అని ఉంది. రెండుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను.

మనుషులను సాగనంపడమంటే నాకు మొదటి నుంచీ భయం. మా చెల్లెలు పురిటికని ఆటో ఎక్కుతూ, పొయ్యి మీద పాలు చూడమని నాతో చెప్పి పోయింది. మళ్లీ మాట్లాడలేదు. అప్పటి నుంచి ఎవరు గడప దాటినా వాళ్లన్న చివరి మాట గుర్తు పెట్టుకుంటాను.

హాల్లో నేను బొమ్మ చూడలేదు. టైమే చూస్తూ కూర్చున్నాను. దిగంత్ ఏటి ఒడ్డున ఉన్నాడు. స్నేహితుడు పడవ తెచ్చి ఎక్కమని పిలుస్తున్నాడు. "నువ్వు పో, నేను వస్తా" అని దిగంత్ వెనక్కి తిరిగాడు. తుపాకీ పేలింది. వంతెన మీద నుంచి పడ్డాడు. ఐదు గంటలైంది.

మా వాళ్లంతా లేచారు. వెనక వరసలో ఉన్న మా ఊరి పుష్పమ్మ నా భుజం తట్టింది.

"అక్కా, పడినాడు. పాండి, సీటు దొరకదు."

"లెయ్యయ్యా" అన్నాను.

ఆయన కదలలేదు. "నువ్వు పో పుష్పా. మేం ఆటోలో వస్తాం."

"ఏం మామా, దిగంత్‌ను గూడా ఎక్కించుకోనొస్తావా?" అని నవ్వుకుంటూ ఆమె పోయింది.

నేను చెయ్యి పట్టుకుని లాగాను. "ఆటో ఎందుకయ్యా? లేస్తాడని తెలిసిందేగా."

"పువ్వు అడిగి రాలకముందే లేచిపోతారా ఎవరన్నా? కూచో."

కూర్చున్నాను. ఏరు కనబడింది. నీళ్ల మీద నల్ల కోటు తేలింది. ఎవరో ఈల వేసి ఆపేశారు. స్నేహితుడు పడవలో వెతికి వెతికి ఒక్కడే తిరిగి వచ్చాడు. తెర నల్లగా అయిపోయి, తెల్లటి అక్షరాలు వచ్చాయి. దీపాలు వెలిగాయి.

ఆయనకు చదువు రాదు. మందుల చీటీ నుంచి కరెంటు బిల్లు దాకా నేను చదివిందే ఆయనకు తెలిసేది.

"ఏం రాసినారు?"

తెర మీద ఉన్నది "దిగంత్ కథ సమాప్తం".

"మళ్లీ వస్తాడని రాసినారు."

ఆయన హాలంతా కలియజూశాడు. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

"మళ్లీ వస్తాడంటే వాళ్లు ఏడ్చేదెందుకే?"

నలభై ఏళ్లలో నేను ఆయనకు తప్పు చదివింది అదొక్కటే.

"పోయినాడయ్యా. ఇంక రాడు. నాకు నాలుగు రోజుల నుంచి తెలుసు."

ఆయన ముందు కుర్చీ మీద చేతులు పెట్టి అలాగే కూర్చున్నాడు. హాలు ఖాళీ అవుతోంది. అయిపోయిందనుకున్నాను. రేపు ఒంగోలు లేదు. ఎల్లుండో ఆపైనో ఏ తెల్లవారుజామునో సోడా కూడా పని చేయదు.

"పడవ నిలబడుండాది గదే" అన్నాడు.

"ఆఁ?"

"వాని కోసమే తెచ్చినాడు. ఎక్కినాడా? ఎనిమిదిసార్లు లేచినా, ఇప్పుడూ లేస్తానని ఎనక్కి పోయినాడు. ఎంత పొగరు వానికి?"

"అంతే మరి."

"అంతే అంటావేంది? మూడుసార్లు లేచినానని నేను అంటాంటే అట్లనే ఉంటాదా వినేదానికి?"

ఆయన తెర వైపు చెయ్యి చూపించాడు.

"పువ్వు తల్లిని అడగాల గానీ, ఈ పొగరుబోతును అడిగినా చూడు. వాని సంగతే వానికి తెలీదు, నా సంగతేం చెప్తాడు?" లేవబోయి, రొమ్ము పట్టుకుని ఒక్క నిమిషం ఆగాడు. "పొద్దున ఒంగోలు బస్సు ఎన్నింటికి?"

"అయిదున్నరకు." పది రోజులుగా ఈ ఒక్క మాట కోసమే చూశాను. విన్నానో లేదో, ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆయన ఏమంటాడో, ఏ మాట అని లోపలికి పోతాడో అప్పుడే తలచుకోవడం మొదలుపెట్టాను.

"ఫోన్ తియ్యి. డాక్టరుకు కలుపు" అన్నాడు. "నాకియ్. నువ్వు మాట్లాడితే ఏడుస్తావు, ఆయనకు ఒక ముక్క అర్థం కాదు."