మేకు మీది ఆప్రాన్

వేడి రోలర్ల మధ్యకు తడి దుప్పటి అంచు అందించి ఇస్త్రీమామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆవిరి భుస్సుమని లేచింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలోనే ఆయన జుట్టు నెరిసింది, అక్కడే వేళ్ళ చివరలు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్ర సరిగా పడక గేటు దగ్గరి మిషను రోజూ ఆయన్ని కాసేపు నిలబెడుతుంది. తనను గుర్తుపట్టడం దానికీ దండగే అనుకుంటాడు.

ఆప్రాన్ జేబు తడిమి చూసుకున్నాడు. పొద్దున వస్తూ కొన్న కంటిచుక్కల సీసా భద్రంగా ఉంది. భార్యకు చూపు దాదాపు పోయింది. మిగిలిన కాస్త వెలుగూ ఆరిపోకుండా కాపాడేవి ఈ చుక్కలే. పిల్లలు లేరు. ఆవిడకు ఆయన తప్ప మరో దిక్కు లేదు.

"నాకేమన్నా అయితే బీమావాళ్ళు నీకు నెలనెలా ఇస్తారే. కాకపోతే పనిలో ఉండగానే పోవాలి" అన్నాడు పొద్దున చెప్పులేసుకుంటూ.

"పొద్దున్నే ఏం పాడు మాటలయ్యా అవి? చుక్కలు మర్చిపోకు" అంది ఆవిడ గోడ పట్టుకుని.

టీ బెల్లు మోగింది. ఆప్రాన్ విప్పి గోడ మేకుకు తగిలించాడు. ఆ మేకుల కట్టుబాటు తెచ్చింది ఆయనే. నోట్లో నాలుక లేని మనిషి, ఉద్యోగం మొత్తంలో ఆ ఒక్కసారే గొంతు పెంచాడు. అంతకుముందు టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నవాణ్ణి కూడా సూపర్‌వైజరు లేపి పని చెప్పేవాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆప్రాన్ మేకుకు ఉంటే మనిషి విరామంలో ఉన్నట్టు, వాణ్ణి పిలవకూడదు. ఒకరి ఆప్రాన్ మరొకరు ముట్టుకోకూడదు. పాపం, ఆ పనివాళ్ళు గెలిచింది ఆ ఒక్కటే. అందుకే కళ్ళల్లో పెట్టుకుని కాపాడుకున్నారు.

రెండు గుక్కలు తాగాడో లేదో, ఉతికే మిషను కిందనుంచి నీళ్ళు మోటారు వైపు పాకుతూ కనిపించాయి.

"పైపు మళ్ళీ ఊడిందిరా" అన్నాడు మామ.

"బెల్లు కొట్టనీ మామా, నేను చూస్తాగా" అన్నాడు ఆ మిషను నడిపేవాడు.

"అప్పటికి నువ్వు షాకు కొట్టి పడుంటావు. స్విచ్ ఆపేసి వస్తానుండు."

గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. తడి నేల మీద నిలబడి చెయ్యి చాపాడు. మిషను ఆగింది. ఆయన కేకైనా వెయ్యలేదు. అలసిపోయినవాడిలా గోడకు ఆనుకుని మెల్లగా కూలబడ్డాడు. మిగతావాళ్ళు మెయిన్ ఆపి దగ్గరకు చేరేసరికి అంతా అయిపోయింది.

సాయంత్రానికి బీమా కంపెనీ మనిషి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. మెల్లగా మాట్లాడాడు.

"ఆయనకు ఎవరైనా పని చెప్పారా?"

"లేదండీ" అన్నాడు సూపర్‌వైజరు.

"మరి ఆప్రాన్?"

సూపర్‌వైజరు మేకు వైపు చూపించాడు.

"అయితే విరామంలో ఉన్నట్టే. విరామంలో సొంతంగా చేసింది పని కిందకు రాదండీ."

"నా కోసం లేచాడు సార్. ఆయన ఆపకపోతే ఆ స్విచ్ మీద చెయ్యి వేసేది నేనే" అన్నాడు మిషను నడిపేవాడు.

"అయ్యుండొచ్చు. నేను కాదనను. కానీ బీమా పత్రంలో అలా రాసి లేదు."

అతను వెళ్ళాక మిషను నడిపేవాడు మేకు వంక చూస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నం నుంచీ దాని పక్కనుంచే ఎన్నిసార్లు తిరిగాడో. తీసి మామ ఒంటి మీద కప్పి ఉంటే పనిలో ఉన్నట్టే లెక్కయ్యేది. ఆ ఆలోచన ఇప్పుడా రావడం. తనమీద తనకే అసహ్యం వేసింది. ఇప్పుడైనా తీసి గుండెకు హత్తుకుందామని చెయ్యి ఎత్తాడు. కట్టుబాటు గుర్తొచ్చి దించేశాడు. ఇక మామ ఇంటికి వెళ్ళి, గోడ పట్టుకుని ఎదురుచూస్తున్న ఆవిడకు చెప్పాలి.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆప్రాన్ మేకు మీదే ఉంది, జేబులో మూతైనా తీయని చుక్కల సీసాతో.