డిక్కీలో రెండో సంచి

ఉత్తర ఇంగ్లండులో మా డర్హమ్ బొగ్గు గనుల ఊళ్లలో లీక్‌ల పోటీ అంటే ఆషామాషీ కాదు. మోచేయంత లావున పెరిగే ఆ తెల్ల ఉల్లికాడల కోసం మగవాళ్లు పెరటి షెడ్లలో కాపలా పడుకుంటారు. రాత్రిళ్లు వాటిని కత్తితో చీల్చిపోయే శత్రువులు ఉంటారు మరి. బయట కొన్నవి పెట్టకుండా, ఇంకా మట్టిలో ఉండగానే ఆకు మీద క్లబ్బు ముద్ర వేస్తాం. సెక్రటరీగా ఆ పని నాదే.

పోటీ రోజు మధ్యాహ్నం పన్నెండో గంట మోగడం ఆగేలోపు ఒక్కొక్కరి లీక్‌ల జత హాల్లో బల్ల మీద ఉండాలి. మా సభ్యుల్లో స్టాబ్స్ ఏటా ఆ మోతలోనే వస్తాడు. చివరి క్షణానికి ఇంగ్లీషులో ఉన్న పలుకుబళ్లన్నీ అతనికే తగిలించారు. "పదకొండో గంటవాడు" అని ఒకరు, "పంటి తోలంత తేడాలో బతికిపోయేవాడు" అని ఇంకొకరు. బళ్లో పిల్లలకు ఆ మాటలే నేర్పినవాణ్ని కనుక నేనూ నవ్వుకునేవాణ్ని. ఈ ఏడు ఎవరూ నవ్వలేదు.

"అతని దగ్గర రెండు సంచులున్నాయి మాస్టారూ," అన్నాడు మా పక్కింటి టర్న్‌బుల్. "కిటికీలోంచి బల్లలు చూసుకుని, ఒక సంచి కారు డిక్కీలో దాచాడు. ఎవరి మడిలోవో అవి! నా షెడ్డు తాళం ఎవరు కదిపారంటారు?"

"నీ షెడ్డులో తుప్పు తప్ప ఏముందిరా?" అన్నాడు ముసలి హెపుల్, దగ్గు మధ్యలో. ఆయన ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. వచ్చే ఏడు పోటీ చూస్తాడని డాక్టరు కూడా అనడం లేదు. జీవితమంతా లీక్‌లు పెంచినా కప్పు ఒక్కసారీ రాలేదు. ఈసారి బల్ల మీద ఆయన జతే అందరికన్నా లావు.

"ముద్ర లేకపోతే స్టాబ్స్‌ని క్లబ్బు నుంచి గెంటేయడమే," అన్నాడు టర్న్‌బుల్.

గంట మోగుతుండగా స్టాబ్స్ వచ్చి తన జత పెట్టాడు. అవి హెపుల్ జతకన్నా సన్నం. మోత ఆగింది.

"డిక్కీ తాళం ఇవ్వవయ్యా," అన్నాను.

స్టాబ్స్ మొహం పాలిపోయింది. "వద్దు మాస్టారూ."

ఆ మాటతో నాకూ దొంగే అనిపించింది. అతన్ని వెంటబెట్టుకుని బయటికి వెళ్లి డిక్కీ తెరిచాను. తడి గుడ్డలో రెండు లీక్‌లు. హెపుల్‌వి వీటి ముందు పిల్లకాడలు. మట్టి ఎగదోసి ఉండటంతో ముద్ర వేసిన నాడు వీటి లావు తెలియలేదు. ఆకు తిప్పి చూశాను. నేను వేసిన ముద్రే, కాస్త వంకరగా.

"ముందే వస్తే బల్లలు ఖాళీగా ఉంటాయి కదా, ఎవరివి ఎంత లావో తెలియదు," అన్నాడు స్టాబ్స్, నేల చూస్తూ. "ఏటా ముసలాయన జతకన్నా ఎవరో ఒకరిది లావుగా ఉండేది. అప్పుడు నా పెద్దవి పెట్టేసేవాణ్ని. ఈసారి ఆయనకి అడ్డం నేనొక్కణ్నే."

"ఆయనకి తెలుసా?"

"తెలిస్తే ఆ కప్పుతోనే నా తల పగలగొడతాడు!"

లోపలికొచ్చి, "ముద్ర ఉంది, నేను వేసిందే," అన్నాను.

"అయితే చూపించండి!"

"గంట ఆగాక వచ్చింది ఏదీ హాల్లోకి రాకూడదు టర్న్‌బుల్. ఆ రూలు పెట్టించింది నువ్వే."

హెపుల్ కప్పుని ఒళ్లో పెట్టుకున్నాడు. స్టాబ్స్ వైపు కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

సాయంత్రం నా గుమ్మంలో తడి గుడ్డ మూట ఉంది. ముద్ర ఉన్న ఆకులు పొయ్యిలో వేశాను. మా ఆవిడ పోయాక దించని పెద్ద గిన్నె దించి సూప్ కాచాను. ఒక్కడికి అంతా ఎందుకని పక్కింటి టర్న్‌బుల్‌కి గిన్నెడు తీసుకెళ్లాను.

అతను చెంచా ముంచి, వాసన చూసి, తలెత్తాడు.

"ఈ లీక్‌లు ఎక్కడివి మాస్టారూ?"